తీరం దాటిన తుఫాను

తడిసిన ఉన్ని గ్లవ్స్ హీటర్ మీద ఆరుతుంటే ఒక వాసన వస్తుంది. దానికి డబ్బాలో చల్లారిన పులిహోర వాసన కూడా కలిస్తే అదే నా చిన్నతనం. పోయిన వారం నా కూతురు స్కూలు వాళ్ళ స్కీ బస్సు దిగి వచ్చి, గ్లవ్స్ హీటర్ మీద పడేసి మేడ మీదికి పోయింది. వంటింట్లో పోపు వేస్తున్న నేను స్టవ్ ఆపేసి ఆ హీటర్ దగ్గరికి వెళ్ళాను.

అమెరికా పడమటి కొసన మా రెడ్‌మండ్‌లో చలికాలమంటే వాన. నవంబరులో మొదలై ముసురు పట్టినట్టు నెలల తరబడి కురిసే ఆ వానను అందరూ తిట్టుకుంటుంటే, మా నాన్న ఒక్కడే పొద్దున్నే లుంగీ మీద దళసరి జాకెట్ తొడుక్కుని, కాఫీ గ్లాసుతో వెనక గుమ్మంలో నిలబడి గాలిని వాసన చూసేవాడు. ఊళ్ళో పడే వాన కొండ మీద ఏ ఎత్తు దగ్గర మంచుగా మారుతోందో కంప్యూటర్‌లో చూసుకునేవాడు. సముద్రం వైపు నుంచి గాలి వీస్తే మంచు తడిగా, బరువుగా పడుతుందని, తూర్పు నుంచి వీస్తే పొడిగా పడుతుందని మా అందరికీ పాఠం చెప్పేవాడు. అమ్మ విసుక్కునేది. "ఆఫీస్‌కి టైం అవుతోంది, ఆ మబ్బులు ఎక్కడికీ పోవు గానీ స్నానానికి లేవండి!"

విసుక్కున్నా మంచుకు మా ఇంట్లో పేర్లు పెట్టింది అమ్మే. మంచు మీద జారే స్కీయింగ్ ఆమెకు రాదు. పార్కింగ్ దగ్గర మంచును పిడికిట పట్టి చూసి తీర్పు చెప్పేది. పొడిపొడిగా జారిపోతే బియ్యప్పిండి. ఎండకు కరిగి రాత్రికి మళ్ళీ గడ్డకట్టి గరగరలాడితే ఇడ్లీ రవ్వ. వాన తడిపి ముద్ద చేస్తే చలిమిడి. పైన పెళుసుగా పెచ్చు కట్టి కాలు వేయగానే విరిగితే అప్పడం. నాన్న ఈ పేర్లన్నీ ఆఫీసులో కూడా వాడేసి తెలుగువాళ్ళందరికీ అంటించాడు.

శనివారాల్లో మా తెలుగు చర్చి కుటుంబాలు నాలుగైదు కలిసి కొండ మీద అందరూ పాస్ అనే కనుమకి వెళ్ళేవి. కార్లు కదిలే ముందు అందరం చేతులు పట్టుకుని ప్రార్థన. అక్కడికి చేరాక డిక్కీలు తెరిచి పులిహోర, క్రిస్మస్ నుంచి మిగిలిన కజ్జికాయలు, ఫ్లాస్కుల్లో అల్లం టీ. పిల్లలం ప్లాస్టిక్ తట్టల మీద జారుతూ, మెడలోంచి లోపలికి దూరిన మంచు వీపు మీద కరుగుతుంటే కెవ్వుమని అరుస్తూ, ముక్కులు ఎర్రబడి ఇక ఏడుపొచ్చేదాకా ఆడేవాళ్ళం. అంత ఆకలి మళ్ళీ ఎప్పుడూ వేయలేదు నాకు.

నాన్న పుట్టింది బందరు అవతల, సముద్రానికి దగ్గరి ఊళ్ళో. గాలివాన వస్తే బడిలో తలదాచుకోవడం, రేడియో చుట్టూ మూగి 'తీరం దాటింది' అన్న మాట కోసం ఎదురుచూడటం, ఆ మాట వినగానే బయటికి పరుగెత్తి తడిసిన దుప్పట్లు ఎండలో ఆరేసుకోవడం, ఇవన్నీ పెద్ద వీరగాథలాగా చెప్పేవాడు. వాతావరణమంటే ఆయనకు నెత్తిమీదుగా వచ్చి వెళ్ళిపోయేది. వెళ్ళిపోతే ఇక గండం గడిచినట్టే.

నేను ఆరో తరగతి చదువుతున్న ఏడాది ఫిబ్రవరిలో వారం పొడుగునా మంచు పడి పాస్ మూసేశారు. బుధవారం మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగితే, మా చర్చిలో పెద్దావిడ మేరీ ఆంటీ, శనివారానికి ఆకాశం తేటపరచమని కళ్ళు మూసుకుని వేడుకుంది. శనివారం తెల్లారేసరికి మబ్బు తునక లేదు. "చూశారా, ప్రభువు విన్నాడు!" అంది ఆంటీ. కొండ మీద చెట్లన్నీ మంచు మోస్తూ తలలు వంచుకుని ఉన్నాయి. అమ్మ పిడికిలి తెరిచి నవ్వింది. "బియ్యప్పిండే!"

నేనూ నాన్నా స్కీలతో కొండపైన లిఫ్ట్ దిగాక, నాన్న ఎవరూ తొక్కని మంచు కోసం చెట్ల వైపు చూశాడు. నాకు భయం వేసి చెయ్యి పట్టుకున్నాను.

"తుఫాను తీరం దాటేసిందమ్మలూ, ఇంకేం భయం? నువ్వు ఈ దారిన రా, నేను చెట్ల పక్కగా వస్తా. కింద కలుద్దాం."

నేను కిందికొచ్చి నాన్న కోసం చూస్తూ నిలబడ్డాను. ఎండ వెచ్చగా ఉంది. జాకెట్ జిప్ కూడా తీశాను. టీకి వెళ్ళుంటాడు అన్నారొకరు, బాత్‌రూమ్‌కి అన్నారొకరు. ఎర్ర జాకెట్ల గస్తీవాళ్ళు పైకి వెళ్ళారు. దేవదారులాంటి ఒక ఫర్ చెట్టు మొదట్లో, మంచులోంచి పైకి పొడుచుకొచ్చిన నాన్న స్కీ పలక వాళ్ళకు కనిపించింది.

వాళ్ళలో ఒకాయన తరువాత అమ్మకు నెమ్మదిగా చెప్పాడు. కిందికి వాలిన కొమ్మల మరుగున మంచు గట్టిపడదు, మొదలు చుట్టూ గుల్లగా గొయ్యి మిగిలిపోతుంది, దాని మీద మెత్తటి మంచు పరుచుకుంటుంది. పెద్ద మంచు పడ్డ మర్నాడు అది మరీ లోతు. తలకిందులుగా పడితే గింజుకున్న కొద్దీ ఇంకా కూరుకుపోతారు, అరిచినా బయటికి వినపడదు. సముద్రపు తుఫాను దాటిపోతుంది. ఇక్కడిది దాటిపోదు, పడ్డచోటే ఉండిపోతుంది. గాలిని అంత చదివిన మనిషికి ఈ ఒక్కటి తెలియలేదు. ఆ కోపం నాకిప్పటికీ తగ్గలేదు, ఎవరి మీదో కూడా తెలియదు.

మా చర్చిలో ఆ తరువాత ఎవరూ వాతావరణం కోసం ప్రార్థించలేదు. మేరీ ఆంటీ గొంతెత్తి ప్రార్థించడమే మానేసింది. ఆ క్రిస్మస్‌కి అమ్మ అరిసెలకని బియ్యం నానబెట్టి, దంచి, జల్లించిన పిండిలో చెయ్యి పెట్టి, అలాగే నిలబడిపోయింది. పిండంతా చెత్తబుట్టలో పోసి చేతులు చాలాసేపు కడుక్కుంది. మా ఇంట్లో అరిసెలు అంతటితో సరి.

ఇప్పుడు ఆ కార్ల బారు లేదు, డిక్కీలోని పులిహోర లేదు. ఆంటీలూ అంకుల్‌లూ పిల్లల దగ్గరికని కాలిఫోర్నియాలో శాన్ రామన్‌కీ డబ్లిన్‌కీ చెదిరిపోయారు. బియ్యప్పిండి కూడా మునుపటిలా పడటం లేదు. జనవరిలో సైతం పాస్ మీద వాన కురిసి అంతా చలిమిడైపోతోంది. నాన్నను తీసుకుపోయిన మంచు మీద కూడా నాకు బెంగగా ఉంటుందంటే నమ్మండి.

అయితే ఈ వారం కొండ మీద మంచు పడింది, నాలుగు రోజులు ఆగకుండా. ఈ పొద్దున కూతురు మేడ దిగి వచ్చి, వారంగా హీటర్ మీదే ఉన్న గ్లవ్స్ తడిమి చూసుకుంది.

"అమ్మా, స్టార్మ్ అయిపోయింది కదా. నన్ను పాస్‌కి డ్రైవ్ చేస్తావా?"

"అయిపోలేదమ్మలూ. చెట్ల కింద ఉంది."

అది కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. బయట ఎండ కాస్తోంది.