జిడ్డు గోడ మీద పక్కవెలుగు

మా స్టూడియో బాబాయి పోయారు. గల్ఫ్‌లో, అజ్మాన్‌లో ఆయనతో ఒకే ఫ్లాట్‌లో ఉండే మిత్రుడు పోయిన శుక్రవారం ఫోన్ చేసి చెప్పాడు. షాపు షట్టర్ ఎత్తుతూ అక్కడే కూలబడ్డారట. సాయంత్రం ప్రార్థన కూడికకని ఆయన ఫోటో ఒకటి అందరికీ మెయిల్లో పంపారు. ఎవరో ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫోటో. నుదురు నూనె రాసినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వెనక గోడ మీద నల్లటి నీడ. ఎలాంటి ఫోటోలు చూస్తే ఆయన మొహం చిట్లించేవారో అలాంటి ఫోటోతోనే ఆయన్ని సాగనంపారు. నాకు ఏడుపు కన్నా ముందు రోత పుట్టింది.

ఆయన నాకు చుట్టం కాదు. కాకినాడ వైపు మనిషి, అజ్మాన్‌లో చిన్న ఫోటో స్టూడియో. తెలుగువాళ్ళందరికీ బాబాయే. 2005లో నేను డిజిటల్ కెమెరా కొని, ఎవరో ఇచ్చిన పాత ఫ్లాష్ దానికి తగిలించుకుని వెళ్తే చేతిలోంచి లాక్కున్నారు.

“ఇది ఫిల్ము కెమెరాల కాలం నాటిదయ్యా. దీని కరెంటుకి నీ కెమెరా లోపల మాడిపోద్ది. పైగా దీని తల తిరగదు. కొనేటప్పుడు రెండే చూడు. నీ కెమెరాతో మాట్లాడాలి, తల పైకీ పక్కకీ తిరగాలి.”

ఆయనే వెంట వచ్చి కొనిపించారు. ఫ్లాష్ తల పైకి తిప్పి తెల్లటి సీలింగ్‌కి కొడితే వెలుగు మెత్తగా కిందికి దిగుతుందని చూపించారు. “సీలింగ్ రంగు చూసుకో. పసుపైతే పెళ్ళికూతురికి కామెర్లొచ్చేస్తాయి” అనేవారు.

అప్పట్లో నేనొక కాంట్రాక్టు కంపెనీలో గుమాస్తాని. అల్ కుసైస్‌లో మా కూలీల క్యాంపు ఉండేది. పని ఇచ్చిన పెద్ద కంపెనీవాళ్ళు శుభ్రత చూడ్డానికి క్యాంపు ఫోటోలు అడిగారు. మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను పిలిచి, “అచ్ఛా ఫోటో చాహియే” అన్నాడు. వంటగది సీలింగ్ తెల్లగా ఉంది. నేర్చుకున్న విద్యంతా చూపించాను. ఫోటోల్లో ఆ గది కడిగిన ముత్యంలా వచ్చింది. వాళ్ళు వచ్చి చూడకుండానే సరే అన్నారు.

మురిసిపోతూ ఆ ఫోటోలు బాబాయి బల్ల మీద పరిచాను.

“బాగా తీశావు. ఇంత శుభ్రంగా ఉంటదా అక్కడ?”

“ఎక్కడి శుభ్రం బాబాయ్! ముక్కు మూసుకుని తీశాను” అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. వేలి కొసతో ఫోటోలను నా వైపు నెట్టారు. “ఛీ. తీసెయ్ ఇక్కణ్ణించి. ఆ అన్నం తినేది నువ్వు కాదుగా.”

నా మీద నాకే అంత అసహ్యం అంతకు ముందెప్పుడూ కలగలేదు.

మరుసటి శుక్రవారం ఆయనే షాపు మూసి నాతో క్యాంపుకి వచ్చారు. ఫ్లాష్‌ని కెమెరా మీంచి తీసి, పొడుగు తీగతో కలిపి, గోడకి దాదాపు ఆనించి పట్టుకున్నారు. “పక్కనుంచి కొడితే వెలుగు గోడ మీద పాకుద్ది. అప్పుడు జిడ్డు లేచి నిలబడుద్ది. ఇప్పుడు నొక్కు.”

నొక్కాను. తెరమీద గోడంతా పుండ్లు పడిన చర్మంలా ఉంది. పొయ్యి వెనక జిడ్డులో అతుక్కుని చచ్చిన బొద్దింకల కాళ్ళు విడివిడిగా కనిపించాయి. అన్నం గిన్నె పక్కనే పొంగిన మురుగు, అందులో ఉబ్బిన మెతుకులు. నేను బయటికి పరుగెత్తి వాంతి చేసుకున్నాను.

తిరిగి వచ్చేసరికి వంటమనిషి నిలబడి ఉన్నాడు. నిజామాబాద్ మనిషి.

“గీ ఫోటోలు ఎవలు జూస్తరు సార్? మొన్న సుత తీసినవ్ గద. ముగ్గురు వాంతులతోని దవఖానల వడ్డరు.”

బాబాయే చెప్పారు: “ఈసారి చూస్తారయ్యా. వీడే తీసుకెళ్ళి చూపిస్తాడు.”

మర్నాడు పెద్ద కంపెనీ ఇంజనీరు బల్ల మీద నేనే ఆ ఫోటోలు పెట్టాను. మొదటివి కూడా నేనే తీశానని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఆ మధ్యాహ్నమే క్యాంపుకి వచ్చాడు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండు నిమిషాలు కూడా నిలవలేకపోయాడు. వంటగదికి తాళం పడింది. కొత్తది కట్టేదాకా కూలీలకు బయటి నుంచి భోజనం వచ్చింది. దవాఖానలో ఉన్న ముగ్గురూ కోలుకున్నారు. మా ముదీర్ మాత్రం “ఖలాస్! కెమెరా లేకే నికల్ జా” అని పనిలోంచి తీసేశాడు. షార్జాలో వేరే పని దొరికేదాకా బాబాయి నన్ను తన గదిలోనే ఉంచుకున్నారు. దాని గురించి ఒక్కసారి కూడా ఎవరి దగ్గరా గొప్పగా చెప్పుకోలేదు.

ఆయనకు ఇంతకన్నా మంచి రోజులు చాలా ఉండి ఉంటాయి. నాకు మాత్రం ఆ క్యాంపు నుంచి స్టూడియోకి తిరిగి వచ్చిన మధ్యాహ్నమే గుర్తొస్తుంది. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, కుళాయి కింద సబ్బు రుద్దుకుంటున్నారు. కడుక్కుని, వాసన చూసుకుని, మళ్ళీ సబ్బు అందుకుంటున్నారు. నేను తువ్వాలు పట్టుకుని వెనకే నిలబడ్డాను. నురగ మోచేతుల మీంచి కారుతూనే ఉంది.