వంకర అంచు

సెలవుల ముందు పట్నంలో ఆదివాసీ చేతిపనుల సంత పెట్టారు. అందులో బుట్టలామెకు ఓ మూలన బల్ల ఇచ్చారు. ఆమె వెదురు బుట్ట అల్లితే అంచు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో వెతికినా దొరకదు. అదే ఆమె కొంప ముంచింది.

అక్కచెల్లెళ్ళకు కానుకలు ఏరుకుంటున్న ఒకావిడ బుట్టను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత నున్నగా ఉందేంటి? మెషీన్ మీద చేసిందేమో! మాకు అసలైన చేతిపని కావాలి" అని పెదవి విరిచి వెళ్ళిపోయింది. వెనక వచ్చినవాళ్ళూ అదే పాట పాడారు. పని బాగా వస్తే అది చేతిపని కాదట!

సంత నడిపే అమ్మాయి వచ్చి, "కాస్త వంకరగా అల్లు పెద్దమ్మా, అప్పుడే నమ్ముతారు" అంది.

బుట్టలామెకు ఒళ్ళు మండిపోయింది. కానీ పొట్ట చేతపట్టుకుని వచ్చిన మనిషి ఎవరి మీద అరుస్తుంది? పళ్ళు బిగబట్టి, అక్కడే కూర్చుని వెదురు బద్దలు ఎగుడుదిగుడుగా తోసింది. అంచు వదులుగా వదిలేసింది. ఆ బుట్టలకు జనం ఎగబడ్డారు. "ఎంత సహజంగా ఉందో!" అని మురిసిపోయారు కూడా.

ఆ వంకర బుట్టల్లో మిగిలిన ఒక్కదాన్నీ ఇంటికి తెచ్చింది. చూపు పోయిన ముసలి తల్లి, ఆమెకు అల్లిక నేర్పిన తల్లి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని అంచు వెంట వేలు పోనిచ్చింది. కాస్త దూరం పోయి వేలు ఆగిపోయింది.

"ఎవరల్లారే ఈ దరిద్రం? మనవాళ్ళేనా?"

కూతురు బుట్టను మెల్లగా వెనక్కి తీసుకుంది.

"కాదులేమ్మా. మనవాళ్ళు కాదు."