పిల్లనగ్రోవి లేని పాట

రండమ్మా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. దూరంగా కూర్చున్నా నా మాట వినపడుతుంది, అది వేరే సంగతి. సాంచాల మధ్య బతికిన వాళ్లం, మెల్లగా మాట్లాడటం మా ఇళ్లలో ఎవరికీ రాదు. సాంచాలంటే కరెంటు మగ్గాలే. మా లింబాయత్ గల్లీలో పొద్దున లేచింది మొదలు వాటి మోతే. ఆ మోత దాటి మాట అవతలికి పోవాలంటే గొంతు పెంచాలి. కొత్తవాళ్లు చూస్తే ఈ గల్లీలో రోజంతా కొట్లాటలే అనుకుంటారు. ఉప్పు అడిగినా అదే గొంతు, ఏడ్చినా అదే గొంతు. అయినా సరే, దగ్గరికే రండి. ఇది మా ఆయన ముచ్చట.

నేను పెళ్లయి సూరత్ వచ్చిన కొత్తలో ఒక పాట వచ్చింది. సినిమాలోది కాదు. ఎవరో కుర్రాడు హిందీలో పాడి క్యాసెట్టు వేశాడు. మిద్దె మీద ఒక పిల్ల బట్టలు ఆరేస్తుంటుంది, పక్క మిద్దె మీద ఒకడు పతంగి ఎగరేస్తుంటాడు, ఆ పతంగి తెగి వచ్చి ఆమె తీగకు చిక్కుకుంటుంది. కథ అంతే. నాకు అప్పుడు హిందీ రాదు, ఆ కథ కూడా తర్వాత ఎవరో చెబితే తెలిసింది. కానీ ఆ పాటలో ఒక్కో వరుస అయ్యాక ఒక పిల్లనగ్రోవి ముక్క వచ్చేది. సన్నగా పైకి పాకి, అక్కడ కాసేపు ఊగి, జారుకుంటూ కిందికి దిగేది, తెగిన పతంగి దిగినట్టే. పాట మాటలు రాని వాళ్లకు కూడా ఆ ముక్క వచ్చేది. కూరగాయల బండి వాడికీ అదే, స్కూలు పిల్లలకూ అదే.

మా ఆయన దాన్ని ఈల వేసేవాడు. పని దిగి గల్లీ మలుపు తిరగగానే ఆ ముక్క వినపడేది, నేను లేచి చాయ్ పెట్టేదాన్ని. అత్తమామలతో ఒకే గదిలో ఉండే రోజులు. వాళ్ల ముందు మొగుడితో మాట్లాడాలంటే సిగ్గు. ఆయన ఈల వేయడం, నేను చాయ్ పెట్టడం, మా ఇద్దరి మాటలన్నీ అందులోనే అయిపోయేవి. పాట లోకమంతటిది, ఆ పిల్లనగ్రోవి ముక్క మాత్రం నాది. నేనలాగే అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

క్యాసెట్లు పోయాయి కానీ పాట పోలేదు. పెళ్లి బ్యాండు వాళ్లు దాన్ని పట్టుకున్నారు, పిల్లనగ్రోవి ముక్కను సన్నాయి గొంతుతో వాయించేవారు. తర్వాత భజన వాళ్లు అదే బాణీలో దేవుడి మాటలు పెట్టారు, ఆ ముక్క దగ్గర ఆడవాళ్లందరూ సన్నగా రాగం తీసేవారు. దసరా ముందు మాకు బతుకమ్మ, గుజరాతీలకు గర్బా, రెండూ ఒకే రోజుల్లో కదా. గర్బా వాళ్లు ఆ పాటకు ఉరుకులాట నేర్పారు. మరుసటి ఏటికి మా వాళ్లు తెలుగు మాటలు పెట్టి బతుకమ్మ దగ్గర స్పీకర్ డబ్బాల్లో వేశారు. ఈ మధ్య ఒక పట్నం పిల్ల గిటారు పట్టుకుని, నిద్ర చాలనట్టు మెల్లగా పాడి ఫోన్లలోకి వదిలింది. ఇట్లా ఒకరి పాటను ఇంకొకరు తమ తీరున పాడితే దాన్ని కవర్ అంటారని మా బిడ్డ చెప్పింది. ఎవరు ఏ తీరున పాడినా, ఆ సన్నటి ముక్కను మాత్రం ఒక్కరూ వదల్లేదు. అది తీసేస్తే ఆ పాటలో ఏముంది?

అలాంటిది, పోయిన ఏడు వానలు తగ్గాక ఒకరోజు మా ఆయన గడ్డం గీసుకుంటూ ఆ పాట అందుకున్నాడు. ఒక వరుస కూనిరాగం తీశాడు. ఆ ముక్క రావాల్సిన చోట ఊరుకున్నాడు. గోడ మీద వేలితో టక్ టక్ అని తాళం కొట్టి, మళ్లీ రెండో వరుస అందుకున్నాడు. నేను రొట్టెలు చేస్తున్నదాన్ని ఆగిపోయాను. మూడో వరుస తర్వాత కూడా అంతే. ఎప్పటి నుంచి ఇట్లా పాడుతున్నాడు? ఈల వేయడం మానేసి చాలా రోజులైందని అప్పుడే గుర్తొచ్చింది. ముందరి పన్ను ఊడింది, అందుకే మానేశాడేమో అనుకున్నాను ఇన్నాళ్లూ.

"ఏందయ్యా, నడిమిట్ల ముక్క మింగినవ్?" అన్నాను.

అద్దంలో నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇక నాకు అనుమానం పట్టుకుంది. నా ముక్క తీసేసిన పాట ఎక్కడో ఉంది. ఎవరో అలా పాడుతున్నారు, ఈయన అక్కడ కూర్చుని వింటున్నాడు. వినీ వినీ నోటికి వచ్చేసింది. ఎవరి ఇంట్లో? ఎవరి దగ్గర?

ఒక్కసారి చూడటం మొదలుపెడితే అన్నీ కనపడతాయి. నేను వంటింట్లోంచి పిలిస్తే పలకడు. కింద నుంచి ఈయనతో సాంచాల మీద పనిచేసే జోడీదారు బొంగురు గొంతుతో ఒక్క కేక వేస్తే చటుక్కున లేస్తాడు. బిడ్డ ఏదైనా అడిగితే "ఆఁ ఆఁ" అంటాడు, ఏమన్నదని తిరిగి అడిగితే తెల్లమొహం వేస్తాడు. మనసు ఇక్కడుంటే కదా! అన్నిటికంటే ఘోరం, గల్లీ చివర చాయ్ అమ్మే ఆమె మాట్లాడుతుంటే ముందుకు వంగి ఆమె పెదాల వైపే చూస్తున్నాడు. రెప్ప వేయకుండా. నేను నా కళ్లతో చూశాను.

పక్కింటి వదినెకు చెప్పాను. ఆమెకు నిప్పు ఊదడమంటే ఇష్టం.

"నిన్న నన్ను గూడ గట్లనే జూసిండు వదినె," అంది. "పాలు పొంగుతున్నయన్నా అని చెప్తాంటే నా మూతి దిక్కే జూసుడు. నాకు సిగ్గయి కొంగు అడ్డం వెట్టుకున్న."

"నీ మూతిల ఏమున్నదని?"

"అదే నేను గూడ అద్దంల జూసుకున్న!"

ఒక సాయంత్రం బిడ్డను కూర్చోబెట్టి ఆ పాట ఎన్ని తీర్లుంటే అన్ని తీర్లు ఫోనులో వేయమన్నాను. పిల్లనగ్రోవి లేనిది దొరకాలి. అది ఎవరిదో తెలిస్తే దారం కొస దొరికినట్టే. ఆ పిల్ల సూరత్‌లోనే పుట్టి పెరిగింది, దాని నోట్లో మూడు భాషలు కలిసి తిరుగుతాయి.

"అమ్మా, బస్ కర్ నే. ఇగ లేవు. పప్పా మీద జాసూసీ చేస్తున్నవా?"

"నువ్వు వెయ్యి, ఇంకోటి వెయ్యి."

"గిది బ్యాండుది. గిది గర్బాది. గిది ఆ గిటార్ అమ్మాయిది. అన్నిట్ల ఉన్నది గదా నీ టిరిరీ!"

అన్నిటిలోనూ ఉంది. ఫోనులో కూడా లేని పాట అంటే, అది ఎవరో ఈయన ఒక్కడి కోసమే పాడుతున్న పాట.

కార్ఖానా బంద్ ఉండే రోజున ఈయన మధ్యాహ్నం తిని, మంచి చొక్కా వేసుకుని, "ఇప్పుడే అస్త" అని పోతున్నాడు. ఎక్కడికంటే చెప్పడు. వరసగా అదే చూశాక సూరత్ అవతల జోల్వాలో ఉండే మా అన్నకు ఫోన్ చేశాను. ఆయనా సాంచాల మీద పనిచేసేవాడే. "ఈసారి బంద్ నాడు రా అన్నా. బావను నిలదీయాలె. ఉంటే ఈ ఇంట్ల ఉంట, లేకుంటే నీ ఎంబడి అస్త," అన్నాను. బట్టల సంచి కూడా సర్ది మంచం కిందికి తోశాను.

ఆ రోజు రానే వచ్చింది. ఈయన చొక్కా వేసుకుని బయలుదేరాడు. నేను వదినె దుపట్టా ముఖానికి చుట్టుకుని వెనకే నడిచాను. ఆయన షేర్ ఆటో ఎక్కాడు, నేను వెనక ఆటో ఎక్కాను. మా ఆటో వాడు నిండేదాకా కదలనన్నాడు. చివరికి కదిలాక, ఇరుక్కుని కూర్చుని, ట్రాఫిక్‌లో ఆగి దొరికిన ఆ ముందు ఆటోనే చూస్తున్నాను. ఈయన పెద్ద రోడ్డు మీద ఒక దుకాణం ముందు దిగాడు, నేనూ దిగాను.

అది ఇల్లు కాదు. పెళ్లిళ్లకు, గర్బాకు స్పీకర్ డబ్బాలు కిరాయికి ఇచ్చే దుకాణం. నవరాత్రి దగ్గర పడింది కదా, మనిషెత్తు డబ్బాలు వరసగా పెట్టి ఒక్కొక్కటీ మోగించి చూస్తున్నారు. నేను పక్కన గొడుగుల దుకాణం దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు వస్తుంది ఆమె, లోపలి నుంచి బయటికి వస్తుంది అని తలుపు వైపే నా చూపు.

ఎవరూ రాలేదు. దుకాణం యజమాని, పెద్ద పొట్టాయన, మా ఆయనను చూసి అలవాటైన మనిషిని చూసినట్టు నవ్వి ఏదో నొక్కాడు. మా పాట మొదలైంది. ఆ పాత క్యాసెట్టుదే, ఏ కవరూ కాదు. మా ఆయన డబ్బాకు చెవి ఆనించి, చెక్క మీద అరచేయి పెట్టి, ఒక వేలు పైకెత్తి నిలబడ్డాడు. మొదటి వరుస అయింది. పిల్లనగ్రోవి లేచింది. ఎంత గట్టిగా అంటే, అంత దూరంలో ఉన్న నేను చెవులు మూసుకున్నాను. గొడుగుల వాడు తిట్టాడు.

మా ఆయన వేలు అలాగే ఎత్తి ఉంది.

"ఆయా?" అని అడిగాడు.

"ఆయా చాచా, ఆకే చలా భీ గయా!" అన్నాడు పొట్టాయన. వచ్చి, పోయింది కూడా అని.

"ఔర్ ఏక్ బార్."

మళ్లీ వేశాడు. మళ్లీ లేచింది ఆ ముక్క, నా ముక్క, రోడ్డంతా వినపడేలా. ఈయన కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాడు, బస్టాండులో రావాల్సిన మనిషి కోసం చూసినట్టు. నేను దుపట్టా తీసేసి వెళ్లి వెనకే నిలబడి "ఓ అయ్యా" అన్నాను. తిరగలేదు. ఇంకా గట్టిగా అరిచాను. తిరగలేదు. పొట్టాయన తన బొంగురు గొంతుతో "చాచా" అనగానే తిరిగి నన్ను చూశాడు. అప్పుడు ఆయన చూపు ఎక్కడికి పోయిందో తెలుసా? నా పెదాల మీదికి.

ఇద్దరం ఒకే ఆటోలో తిరిగొచ్చాం. ఇంటికి వచ్చేసరికి మా అన్న మంచం మీద పంచాయితీ పెద్దలా కూర్చుని ఉన్నాడు. బిడ్డ చాయ్ ఇస్తోంది.

"ఏం బావా, ఎవలామె?" అన్నాడు అన్న. ఆయనది కుండలో మాట్లాడినట్టుండే గొంతు.

"ఎవలు?" అన్నాడు మా ఆయన.

"ఏం లేదన్నా," అన్నాను నేను. "పాటల పిల్లనగ్రోవి తప్పిపోయింది. దేవులాడుతున్నడు. నాకు చెప్పకుంట దేవులాడుతున్నడు!"

అప్పుడు పట్టుకున్నాను మా ఆయనను. "ఎన్నొద్దుల సంది ఇట్ల? నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే గల్లీకి చెప్పినట్టే గదనే."

"గల్లీకి తెలిస్తే ఏమైతది? అందరు చెవిటోళ్లే!"

"నవ్వుతరు." చాయ్ గ్లాసు అందుకున్నాడు. "ముందుగాల ఈల పోయింది. పన్ను ఊడింది గద, గాలి ఒక్కటే పోతాందనుకున్న. ఎన్కశీరి పాటల గూడ ఇనవడ్తలేదు. బిడ్డ మాట సగం సగం. డబ్బా గట్టిగ వెడ్తే అస్తదేమో అని పోయిన." గ్లాసు పక్కన పెట్టాడు. "అది పోయినట్టే నీ గొంతు గూడ పోతదేమో అని బుగులైంది. సన్నగుంటది గద నీది."

నా గొంతు సన్నదట! గల్లీ అంతా అదిరే గొంతు.

మా అన్న గొంతు సవరించుకున్నాడు. "గీ ముచ్చటకు నన్ను జోల్వా నుంచి రప్పిచ్చినవా చెల్లె?" అని విసుక్కుని, బిడ్డతో "ఏదీ, ఆ పాట వెట్టు. నాకు ఇనవడ్తదా సూద్దాం," అన్నాడు. బిడ్డ ఫోను పెట్టింది. మొదటి వరుస నడుస్తోంది.

"ఆఁ, మస్తు ఇనవడ్తంది పిల్లనగ్రోవి. బంద్ చెయ్," అన్నాడు.

బిడ్డ నా వైపు చూసింది. నేను బిడ్డ వైపు చూశాను. పిల్లనగ్రోవి ఇంకా రానేలేదు. మా అన్న మీద నాకు ఆ రోజు మొదలైన అనుమానం ఇంకా తీరలేదు. ఆ తర్వాత గల్లీలో మగవాళ్లు ఒక్కొక్కరి మీదా వచ్చింది. పిలిచి పలకని వాళ్లందరినీ ఇప్పుడు నేను వెనక నుంచి పిలిచి చూస్తుంటాను.

మా ఆయనను బిడ్డ పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. సాంచాల మోతకు సన్నటి శబ్దాలు పోయాయి, అవి తిరిగి రావు, ఉన్నవాటిని కాపాడుకోమన్నారు డాక్టర్లు. సాంచాల దగ్గర చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇచ్చారు. పెట్టుకుంటాడా, జేబులో వేసుకుంటాడా అని ఆ అనుమానం కూడా నాకే. రోజూ ఇంటికి రాగానే వాటికి చెవి గుమిలి అంటిందా అని చూస్తాను.

మంచం కింద సర్దిన సంచి విప్పి బట్టలు మళ్లీ అలమారాలో పెట్టాను. ఈయన చూశాడు, ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆయన ఒకటి దాచాడు, నేను ఒకటి దాచాను.

మొన్న బతుకమ్మకు పూలు పేరుస్తుంటే పక్కన కూర్చుని మళ్లీ ఆ పాట అందుకున్నాడు. ఒక వరుస అయింది. గునుగుపూల కట్ట మీద వేలితో టక్ టక్ కొట్టబోయాడు. నేను గొంతు దించి, మా అన్న గొంతులా బొంగురుగా చేసి, కడుపులోంచి తీశాను ఆ ముక్కను. పైకి పాకడం, ఊగడం, జారి దిగడం అన్నీ ఉన్నాయి, కాకపోతే ఎద్దు పాడినట్టుంది. బిడ్డ పకపకా నవ్వింది.

ఈయన చేయి ఆగిపోయింది. నా ముఖం వైపు చూశాడు, కళ్లు చిన్నవి చేసి, దొంగను చూసినట్టు.

"గీ తీరు ఏడ విన్నవే? ఎవలు పాడిన్రు నీకు?"

"ఉన్నరు తియ్యి ఒకలు."

"ఎవలు?"

చెప్పలేదు. ఇప్పుడు ఆయన వంతు, కొన్ని రోజులు అనుమానపడనీ. లేచి చాయ్ పెట్టాను.

ఇంత ఓపికగా విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఒకరు వంటింట్లోంచి పిలిస్తే ఇంకొకరు గడపలోంచి పలకాలి. మీ మగవాళ్ల చెవులు, మీ పిల్లల గొంతులు, మీ పొయ్యి మీది చాయ్, అన్నీ పదికాలాల పాటు పచ్చగా ఉండాలి తల్లీ.