కోట గుమ్మంలో చప్పట్లు

మా నాన్న ఏ కోటకెళ్ళినా ముందు చప్పట్లు కొడతాడు. తప్పు ఆయనది కాదు, గోల్కొండది. అక్కడ కింద గుమ్మంలో చప్పట్లు కొడితే పైన కొండ మీద వినిపిస్తుంది కదా. హైదరాబాద్‌లో మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా సరే, చాయ్ తాగీ తాగకముందే వాళ్ళని గోల్కొండ తీసుకెళ్ళి ఆ గుమ్మంలో నిలబెట్టేవాడు. ఈ పని ఆయనకి ఎవరూ అప్పజెప్పలేదు. వద్దన్నా మానలేదు.

అలాంటి మనిషి మొన్న సమ్మర్‌కి ముందు అమెరికాలో, పిస్కాటవేలోని మా ఇంట్లో ఉన్నాడు. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి కోటలో గైడ్ పనికి అప్లై చేసింది.

మా అమ్మాయి గురించి చెప్పాలి. హైస్కూల్లో ఉంది కానీ క్లాసులో చెయ్యెత్తి ఎరగదు. పిజ్జా ఆర్డర్ చెయ్యాలన్నా ఫోన్ నా చేతికిస్తుంది. ఆ పిల్ల మాకు మాటమాత్రం చెప్పకుండా, సముద్రపొడ్డున పాడుబడ్డ ఓ కోటలో సెలవుల్లో టూర్లు చేస్తానని వెళ్ళి అడిగింది! అక్కడి మేనేజరమ్మ, "ఒక టూర్ చేసి చూపించు, నచ్చితే సమ్మరంతా నీదే" అందట. ఇక చూడండి, బాత్రూంలో అద్దం ముందు ప్రాక్టీసు. తలుపు బయట నిలబడి విని విని నాకే మొత్తం నోటికొచ్చేసింది.

"అమ్మా, ప్లీజ్, మీరు రావద్దు. మీరొస్తే నేను ఫ్రీజ్ అయిపోతా" అంది. వాళ్ళ తాత మొహం వేలాడేసుకుని కూర్చునేసరికి కాస్త మెత్తబడి, "సరే, వెనకాల నిలబడండి. నేనెవరో తెలీనట్టు ఉండాలి" అని షరతు పెట్టింది.

"మాకేం తెల్వదు బిడ్డా, మేం టూరిస్టులం" అన్నాడు నాన్న.

టూరిస్టుగారికి కోట అస్సలు నచ్చలేదు. "గిదేం కోటనే? రాజు లేడు, రాణి లేదు, ఏనుగు పట్టే దర్వాజ లేదు. అంత సిమెంటే!" అని కారు దిగిన దగ్గర్నుంచీ గొణుగుడే. శత్రువుల ఓడల్ని ఫిరంగులతో కొట్టడానికి కట్టారు నాన్నా, అంటే వినడే. నిజానికి చూడ్డానికీ పెద్దగా ఏం లేదు. నెర్రెలిచ్చిన గోడలు, తుప్పుపట్టిన ఇనుము, కప్పు కూలిన గదులు, వాటి చుట్టూ కంచె. మిగిలినవాటిలో కాస్త నిండుగా కనిపించేది ఎర్ర ఇటుకల గుమ్మం ఒక్కటే. అక్కడే టూర్ మొదలైంది.

నిక్కర్లేసుకున్న పెద్దవాళ్ళు కొందరు, పసిపిల్లని స్ట్రోలర్‌లో తోసుకుంటూ ఓ జంట, అందరికంటే వెనక చేతులు కట్టుకుని మేనేజరమ్మ. మా అమ్మాయి అందర్నీ వెల్‌కమ్ చేసింది, రెండు ముక్కలు మాట్లాడింది, ఆగిపోయింది. తర్వాతి వాక్యం నా నోట్లో ఆడుతోంది, దానికి మాత్రం గుర్తు రావట్లేదు. భగవంతుడా, ఈ ఒక్కసారికి దాని నోట మాట రప్పించు అనుకున్నాను.

పక్కనుంచి టప్ టప్ మని చప్పట్లు!

మా నాన్న. తలెత్తి గుమ్మం కేసి చూస్తూ, చెవి ఒగ్గి వింటున్నాడు.

అమెరికావాళ్ళు మర్యాదస్తులు. ఒకరు చప్పట్లు కొడితే ఇంకొకరు ఊరుకోరు. అయిపోయింది కాబోలనుకుని అందరూ కొట్టేశారు. ఓ భారీ మనిషి "గుడ్ జాబ్, స్వీట్‌హార్ట్!" అని జేబులోంచి కారు తాళాలు తీసుకుని పార్కింగ్ వైపు నడిచాడు. అతని వెనకే ఇంకొందరు. మేనేజరమ్మ కనుబొమ్మలు ముడిచింది.

"నాన్నా!" అని పళ్ళు కొరికాను.

"ఆవాజ్ మంచిగనే తిరిగొస్తుంది" అన్నాడు నిమ్మళంగా.

"ఆగండి!" అని ఇంగ్లీషులో ఓ కేక. మా అమ్మాయి గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. "ఆయన చప్పట్లు కొట్టింది నాకు కాదు, గోడకి. ఆయన మా తాత!"

జనం గొల్లున నవ్వారు. మా టూరిస్టు వేషం అక్కడితో సరి. ఇక ఆ పిల్ల బట్టీపట్టిందంతా వదిలేసింది. మా తాతగారి ఊళ్ళో కోట గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే కొండ మీదున్నవాళ్ళకి కబురందేది, మరి ఇక్కడ ఫిరంగులు పేలే మోతలో ఎవరి మాట ఎవరికి వినిపించాలి, అని అడిగింది. రండి చూపిస్తానంటూ ముందు నడిచింది. ఓ గోడలో ఇనప గొట్టం ఉంది. ఫిరంగి దగ్గరున్న సైనికుడు అందులో నోరు పెట్టి అరిస్తే, కింద గుండ్లు దాచిన గదిలో వినిపించేదట. ఇదంతా బాత్రూంలో నేనెప్పుడూ వినలేదు. ఎక్కడ చదివిందో, ఎప్పుడు చదివిందో!

టూర్ అయ్యాక మేనేజరమ్మ దాన్ని పక్కకి పిలిచి మాట్లాడింది. "గాట్ ఇట్! సమ్మరంతా!" అని మా అమ్మాయి పళ్ళన్నీ బయటపెట్టి పరిగెత్తుకొచ్చింది. వచ్చి, నన్ను దాటుకుని తాత ముందు నిలబడింది. "తాతా, ఎలా చెప్పాను?"

"నీ ఇంగ్లీషు నాకు సగం గూడ సమజ్ కాలే బిడ్డా" అన్నాడు నాన్న. "అందుకే జనాన్ని చూస్కుంట నిలబడ్డ. ఆ పెద్ద మనిషి వాపస్ వచ్చి, కారు తాళాలు మళ్ల జేబుల వెట్టుకున్నడు. గప్పుడు తెలిసింది, నువ్వు మంచిగ చెప్తున్నవని."

పని దొరికిందని నవ్వుతూ వచ్చిన పిల్ల, ఆ మాటకి మాత్రం ఏడ్చేసింది.