శనివారం కడిగిన బండలు

భూమి లోతుల్లో రాతిని పొరమీద పొరగా పేర్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన నామానికే మహిమ.

ఇప్పుడు జహీరాబాద్‌లో మా చర్చి తలుపు తీయగానే రంగు డబ్బా మూత తీసినట్టు ఘాటు వాసన ముక్కుకు కొడుతుంది. నేను పెరిగిన వాసన అది కాదు. శనివారం పొద్దు వాలే వేళ ఆడవాళ్లు బావినీళ్లు తోడి, కుచ్చిళ్లు ఎగదోపుకుని, పాడుకుంటూ షాబాద్ బండల నేల కడుగుతుంటే లేచే తడిరాతి వాసన. ఎండాకాలం ప్రసంగం సాగుతుండగా ఆ బండకు చెంప ఆనిస్తే పట్టే నిద్ర. కోతపండుగ నాడు జొన్నకంకులు, కందులు, చెరుకుగడల కుప్పల మధ్య మట్టి వదలని పచ్చి అల్లం ఘాటు. మేం పిల్లలం సబ్బునీళ్లలో జారుతూ ఆడేవాళ్లం.

"ఓ పోరీ, పండ్లు రాలగొట్టుకుంటవ్! బోసినోటి దానికి పిలగాన్ని యాడికెల్లి తేవాలె?" అని అమ్మమ్మ చీపురు ఎత్తేది, ఎత్తి తానే నవ్వేది.

కిటికీ పక్క బండ అమ్మమ్మది. అంతకుముందు వాళ్లమ్మ కూడా అక్కడే మోకరించేదట. మోకాళ్లు ఆనీ ఆనీ ఆ రాయి పళ్లెంలా కొద్దిగా గుంటపడింది. నేలంతా ఆరినా అందులో కాసిని నీళ్లు నిలిచేవి. వాటిని కొంగుతో అద్దాకే అమ్మమ్మ ఇంటికి కదిలేది.

ఈమధ్య సంఘపెద్దలు టైల్స్ వేయిద్దామన్నారు. నేనూ, అమ్మమ్మ చిన్నకూతురైన మా చిన్నమ్మా ఆ బండ కోసం పట్టుబట్టాం. పాత నేలనే రుద్ది, సందులు పూడ్చి, నీళ్లు ఇంకకుండా పైన పూత వేయించాలని ఒప్పించాం. మేస్త్రి ఆ గుంటబండను మిషన్‌కు ఇవ్వకుండా చేత్తోనే రుద్దాడు.

"సోమారం పూత వేస్త. అందాక నీళ్లచుక్క పడొద్దమ్మా. లోపట తడుంటె పూత నిలవది" అని చెప్పి వెళ్లాడు.

అంతలో శనివారం వచ్చింది. నేలంతా తెల్లటి రాతిపొడి.

"దేవుని ఇల్లు కడగకుంటె ఆదివారం ఎట్ల తెల్లార్తదే? జర పైపైన కడుగుదం. ఎండకు ఆరదా?" అంటూ చిన్నమ్మ ఆడవాళ్లను పిలుచుకొచ్చింది. అందరూ పాడుకుంటూ ఎప్పటిలాగే కడిగారు. సోమవారానికి పైకి పొడిగా కనిపించిన నేలమీద మేస్త్రి పూత వేశాడు. శనివారం కడగడం కూడా మేస్త్రికి చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు.

కొద్ది వారాలకే లోపల చిక్కిన తడి పూత కింద పాలు విరిగినట్టు తెల్లబడింది. బండలు పెచ్చులుగా లేచాయి. పూత గీకబోతే రాయీ దాని వెంటే ఊడింది. అమ్మమ్మ మోకాళ్ల గుంట పొడిపొడై చీపురుకు వచ్చింది. మిగిలిన బండలు కూడా తవ్వేసి టైల్స్ పరుస్తారట. ఇక కడిగే పాటా లేదు, ఆ తడి వాసనా లేదు.

చిన్నమ్మ ఇప్పుడు లోపలికి రాదు. ఆదివారాలు బయట మెట్లమీద కూర్చుంటుంది. చెయ్యి పట్టుకుని రమ్మంటే, "మా అమ్మ జాగను నా చేతులతోనే కడిగి పారబోస్తిని బిడ్డా. ఏ మొకం వెట్టుకొని రావాలె?" అంటుంది. నేనూ ఆమె పక్కన మెట్టుమీద కూర్చుంటాను.

ఇది చదువుతున్న మీరు, మెట్లమీది మా చిన్నమ్మ కోసం నాతోపాటు ఒక్కసారి తల వంచండి. ప్రార్థన నేను మొదలుపెడతాను. ఆమెన్ మీరు అనండి.