నాచో బూజో తేలని బిళ్ళ

ఎదురు ఫ్లాటువాళ్ళు తలుపులకు వార్నిష్ వేయిస్తున్నారు. పొద్దుటినుంచీ కారిడారంతా ఒకటే వాసన. మావారు కిటికీలు మూస్తూ తిరుగుతుంటే నేను మాత్రం తలుపు దగ్గరే నిలబడిపోయాను. మైక్రోస్కోపు స్లైడు మీద పలచటి పైగాజు అతికించడానికి మేము వాడిన చెట్టు జిగురుకు ఇంచుమించు ఇదే వాసన. అది ముక్కుకు తగిలిందంటే నాకు కనకవల్లి మేడం గుర్తొస్తారు.

బాపట్ల నుంచి పరిశోధన కోసం చెన్నై వచ్చినప్పుడు ఆవిడే నా గైడు. వాళ్ళు తరతరాలుగా చింతాద్రిపేటలో ఉంటున్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పాఠం ఇంగ్లీషులో. లిగ్నైట్ బొగ్గును ఆమ్లాల్లో నానబెట్టి, కరిగిందంతా కరిగిపోగా మిగిలిన మడ్డిలో కోట్ల ఏళ్ళ నాటి జీవుల తునకల్ని వెతకడం ఆవిడ పని. పుప్పొడి రేణువులు, బూజు బీజాలు, ఆకుల పైపొరలు దొరికేవి. చాలావాటిని పోల్చుకోవచ్చు. కొన్ని మాత్రం నాచు జాతివో బూజు జాతివో కూడా తేలవు. మేడం జీవితంలో ఎక్కువ భాగం ఆ కొన్నింటితోనే గడిచింది.

చేరిన కొత్తలో నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, "ఈడ ఏం కనపడతా ఉండాది?" అని అడిగారు. "ఫంగస్ అండీ" అన్నాను తడుముకోకుండా. "అది ఏందని నేను అడగలేదే. ఏం కనపడతా ఉండాదని అడిగితిని." మళ్ళీ చూశాను. గుండ్రంగా ఉంది, గోధుమరంగులో ఉంది, అంచు కొంచెం చిరిగింది అని చెప్పుకుంటూ పోయాను. "ఆ, అట్లా చెప్పు. పేరు పెట్టేస్తే కండ్లు చూడ్డం ఆపేస్తాయమ్మా" అన్నారు. మెచ్చుకోలూ లేదు, విసుగూ లేదు. ఆవిడ గొంతు ఎప్పుడూ అంతే.

ఒక ఆదివారం ఇంటికి పిలిచారు. ఇరుకు పెరట్లో ఒక జామచెట్టు ఉండేది. దాని ఆకులు రెండు తెంపి నా చేతిలో పెట్టారు. ఒకదాని మీద మసి పూసినట్టు నల్లటి పొర. రెండోదాని మీద తుప్పురంగు మచ్చలు, వేలితో తాకితే మఖమల్లులా ఉన్నాయి. ఏది బూజు అని అడిగితే రెండూ అన్నాను. "నల్లది బూజు. ఈ ఎర్రమచ్చ నాచు. పచ్చగా లేదు, నీళ్ళల్లో లేదు, అయినా నాచే. కండ్లముందర బతికుండేదాన్నే మనం ఇట్లా తప్పు పోల్చుకుంటే, బొగ్గులో పూడిపోయినదాన్ని గురించి ఎంత గట్టిగా మాట్లాడగలం చెప్పు?" అని కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళారు.

అలాంటి ఆవిడే వయసులో ఉన్నప్పుడు ఒకదాని గురించి గట్టిగా మాట్లాడారు. అది కణాల వరసలతో అల్లిన ఒక చిన్న బిళ్ళ. బూజు జాతిదని తేల్చి, దానికి తన గురువుగారి పేరు పెట్టారు. ఆవిడకు గుర్తింపు తెచ్చిందే ఆ బిళ్ళ. నా బొగ్గు నమూనాల్లో అవి విరివిగా దొరికాయి. ఆవిడకు దొరికినవాటికంటే నావి చెక్కుచెదరకుండా ఉన్నాయి. అలాంటి బూజైతే బీజాలు బయటపడటానికి నడుమ రంధ్రం ఉండాలి. నావాటిలో లేదు. కణాల వరసలు అంచుదాకా పోతూ రెండేసిగా చీలుతున్నాయి, ఆకుల మీద పాకే నాచులో లాగా.

చూపించాను. మేడం స్లైడును అటూ ఇటూ జరుపుతూ అంచులన్నీ చూశారు.

"ఇది నాచేమోనండీ" అన్నాను.

"నేను బూజని రాసింది తప్పే. మొదటి వాక్యంలోనే ఆ మాట రాయి."

"మరి మీరు పెట్టిన పేరు?"

"పేరు అట్నే ఉంటాది. పెట్టినోళ్ళు పొరపాటు పడినా పేరు పోదు, అది రూలు. అయితే నాచని కూడా రాయొద్దు."

ఎందుకని అడిగితే తన పాత స్లైడొకటి పెట్టారు. అందులోని బిళ్ళకు నడుమ చిల్లు ఉంది. "ఇది రంధ్రమా, చిరుగా?" "తెలియడం లేదండీ" అన్నాను. "అయితే తెలియదని రాయి."

నాకది నచ్చలేదు. తెలియదని ముగిసే థీసిస్ చూసి ఉద్యోగం ఎవరిస్తారన్నది నా బెంగ. కొన్నాళ్ళు ముభావంగానే తిరిగాను. ఆవిడ పట్టించుకోలేదు. చివరికి ఆవిడ చెప్పినట్టే రాశాను.

ఆ విషయం ఒక సదస్సులో చదివినప్పుడు ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. మేడంతోపాటు అదే గురువు దగ్గర చదువుకున్నాయన. శిష్యురాలి చేత గురువుగారి పరువు తీయిస్తున్నారని నా వైపు చూడకుండా మేడం మీదే మండిపడ్డారు. ఆవిడ నిలబడి, "గురువుగారి పేరు దానికి ఉంది, ఉంటుంది. ఆయన మీద గౌరవంతో అది బూజైపోదు. పొరపాటు నాది. దిద్దింది ఈ అమ్మాయి" అని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పి కూర్చున్నారు. బయటికొచ్చాక నేను క్షమించమనబోతే, "పరవాయిల్లే, ఆకలేస్తా ఉంటాది. పా, టిఫిన్ తిందాం" అన్నారు. ఆ పెద్దాయన మళ్ళీ ఆవిడతో మాట్లాడలేదు. అందరూ ఆవిడకే వస్తుందనుకున్న పురస్కారం ఇంకొకరికి వెళ్ళింది. కారణం ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

రిటైరయ్యాక ఒకసారి విడవని జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. పరీక్షలన్నీ చేశారు గానీ ఏమీ తేలలేదు. నేను పక్కనుండగా నెల్లూరు కుర్ర డాక్టరొకడు వచ్చి, ఏదో పెద్ద జబ్బు పేరు మొదలుపెట్టి మధ్యలో తడబడ్డాడు.

"తెలియలేదని చెప్పు నాయనా, నేనేమీ అనుకోను" అన్నారు మేడం. "చూసింది మాత్రం వదలకుండా రాసిపెట్టు. నా తర్వాత ఇట్లా వచ్చేవాళ్ళకు పనికొస్తాది."

అతను కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ మొదటినుంచీ అడగడం మొదలుపెట్టాడు. ఆవిడ ఓపికగా అన్నిటికీ జవాబు చెప్పారు. జబ్బు పేరు తేలకుండానే కన్నుమూశారు.

థీసిస్ నెగ్గింది. ఉద్యోగం ఆలస్యంగా అయినా వచ్చింది. ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఆ బిళ్ళ సంగతి ఇంకా తేలలేదు. ల్యాబులో పిల్లలు మైక్రోస్కోపు మీంచి తలెత్తి "ఇదేంటి మేడం?" అని అడుగుతుంటారు. తెలియనప్పుడు తెలియదనే అంటాను. మొదట్లో ఆ మాట అన్నాక గదిలో కమ్ముకునే నిశ్శబ్దానికి ఇబ్బంది పడేదాన్ని. ఇప్పుడు పడను. ఆ నిశ్శబ్దంలోనే వాళ్ళు మళ్ళీ కిందికి వంగి, ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు చూస్తారు.