ఖాళీ బల్ల మీద తలరుమాలు

ఎనభైల నాటి మాట. జహీరాబాద్ బస్టాండులో ఝరాసంగం బస్సు ఎక్కేసరికి ఒక్క సీటే మిగిలింది. దాని మీద ఎవరికోసమో వేసిపెట్టిన తలరుమాలు ఉంది. పక్కన ఒట్టి తలతో ఒక ముసలాయన కూర్చున్నాడు.

“కాకా, ఎవరన్న వస్తున్నరా?”

“ఎవ్వరు రారు. అలవాటుకొద్ది ఏసిన. కూసో తమ్మీ.”

రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు గానీ తలకు చుట్టుకోలేదు. మొన్న హైదరాబాదులో దేశదేశాల వాళ్లకు పరుగు పందేలు పెట్టారనీ, అందులో తన కూతురు పరుగెత్తిందనీ ఆయనే చెప్పాడు.

“మా ఊరోళ్లు లారీ మాట్లాడుకొని సాయంత్రానికి వస్తమన్నరు. సీట్లు దొరకయేమోనని నేను పొద్దుగాల్నే పోయి, ఈ రుమాలు ఇప్పి బల్ల పొడుగున పరిచిన. సూస్తే గంత పెద్ద మైదానంల సూసెటందుకు నరపురుగు లేదు. సాయంత్రం పందెం పొద్దుగాల్నే పెట్టిన్రు. ఎవ్వరికీ చెప్పలే. మావోళ్లు వచ్చేసరికి గేటుకు తాళం.”

“మరి గెలిచిందా?”

“ఏమో. పందెం ముగిసే గీత ఆ కొసకుండె, నాకు కనవడలే. మైకుల చెప్పెటోడు సుత రాలే. కావలోళ్లు బిడ్డను కలవనియ్యలే, అదింక ఇంటికి రాలే.” అలసటగా కళ్లు మూసుకున్నాడు. “ఉరుక్కుంట మలుపు కాడ ఒక్కసారి నా దిక్కు సూసింది. బల్ల మీద రుమాలు సూసి, మనోళ్లందరు వస్తున్నరనుకున్నది. నవ్వింది తమ్మీ.”

ఝరాసంగంలో రుమాలు చేతిలోనే పట్టుకొని దిగిపోయాడు.

ఇప్పటికీ బస్సులో ఖాళీ సీటు మీద గుడ్డ కనిపిస్తే, ఎవరిదని నేను అడగను. కాళ్లు ఎంత లాగుతున్నా నిలబడే పోతాను.